నాలుగు వేళ్ల కొసరు, నాలుగు ముక్కల మెయిలు

"మీరు కుశలమని తలుస్తాను" అని మొదలైన మెయిలు చదివి మహారాష్ట్రలోని ఈ చంద్రపూర్ జిల్లాలో ఏ ఇంజనీరూ ఒక్క సంచీ కొనలేదు. రాసేవాళ్లకు తన కుశలంతో పనిలేదని చదివేవాడికి బాగా తెలుసు. అయినా రాస్తారు. నేనూ ఏళ్ల తరబడి రాశాను. కాబట్టి ఇక్కడ ఎవర్ని తిట్టినా అందులో నా వాటా నాకుందని ముందే ఒప్పుకుంటున్నాను.

నా పేరు సుశీల. రాజురా దగ్గర పల్లెలో పుట్టి, మరాఠీ బడిలో చదివి, టైపు నేర్చుకుని చంద్రపూర్‌లో ఒక సంచుల కంపెనీలో చేరాను. అక్కడే రిటైరయ్యాను. సంచులంటే కూరగాయలు తెచ్చుకునేవి కావు. సిమెంటు ప్లాంట్లలో, స్పాంజ్ ఐరన్ ప్లాంట్లలో దుమ్ము పొగగొట్టం దాకా పోకుండా పట్టే ఫిల్టరు సంచులు. నిలువెత్తు మనిషికి రెండింతల పొడవుంటాయి. ఒక ఇనుప గదిలో ఇలాంటివి వందలకొద్దీ వేలాడుతుంటాయి. ఒక్కో సంచి లోపల తీగలతో చేసిన పంజరం ఉంటుంది, దాన్ని కేజ్ అంటారు. దుమ్ము సంచికి బయటివైపు అంటుకుంటుంది. లోపలినుంచి గాలి కొడితే రాలి కిందపడుతుంది. సంచి చిరిగితే ఆ దుమ్మంతా పొగగొట్టం లోంచి ఊరి మీదికి వస్తుంది. వ్యవహారమంతా ఇంతే. ఈ మాత్రం కూడా కళ్లతో చూడకుండానే నేను చాలా ఏళ్లు వాటిని అమ్ముతూ ఉత్తరాలూ మెయిళ్లూ రాశాను.

నాకు ఏ కుర్చీ ఎప్పుడిచ్చారు, జీతం ఎప్పుడు పెంచారు అనేవి ఇక్కడ ఉండవు. వాటివల్ల ఎవరికీ ఉపయోగం లేదు. ఉద్యోగమంతా ఇంగ్లీషులో రాశాను. ఆ భాషలో గొప్పలు చెప్పడం చేతికి అలవాటైపోయింది గనక ఇది తెలుగులో రాస్తున్నాను. ఇందులో వచ్చే మెయిళ్లు కూడా తెలుగులోనే చెప్తాను.

సేఠ్‌గారి బోర్డు

మా యజమాని మల్లేశం సేఠ్. మన తెలుగువాళ్లే. బజారులో తాతల నాటి బట్టల దుకాణం. చుట్టుపక్కల సిమెంటు ప్లాంట్లు లేచాక, "బట్ట మన చేతిల ఉన్నది, సూది మన చేతిల ఉన్నది, గీ దుమ్ము సంచులు మనమెందుకు కుట్టొద్దు?" అని ఘుగ్గుస్ రోడ్డు మీద షెడ్డు వేశారు. తెలివైన మనిషి, ధైర్యం ఉన్న మనిషి. మెయిలు రాయించడంలో మాత్రం శుద్ధ దండగ.

ఆయన గదిలో పచార్లు చేస్తూ చెప్పేవారు, నేను టైపు చేసేదాన్ని. అన్నిటికంటే పైన వినాయకుడి బొమ్మ. దాని కింద తలపాగాతో తాతగారి ఫొటో. తాతగారు ఎడ్లబండి మీద బట్టల మూటలు తెచ్చిన కథ ఒక పేరా. "మేము ఈ రంగంలో అగ్రగామి సంస్థ" అని ఇంకో పేరా. అగ్రగామి అంటే పన్నెండు కుట్టు మిషన్లు. నాణ్యతకు ఒక పేరా, సేవకు ఒక పేరా, తృప్తిపడిన ఖాతాదారులకు ఒక పేరా. చివర్న సర్టిఫికెట్లు, షెడ్డు ప్రారంభం నాడు కొబ్బరికాయ కొడుతున్న ఫొటోలు. ఇంతకీ సంచుల మాట ఎక్కడా అని వెతుక్కుంటే ఏడో పేరాలో ఒక వాక్యం దొరికేది.

"సేఠ్, గింత పొడుగు మెయిలు ఎవరు సదువుతరు?" అని ఒకసారి అడిగాను.

"సదువకపోతె పాయె. చూస్తరు గదా సుశీలమ్మా. దుకాన్ ఏదైనా బోర్డు పెద్దగుండాలె."

దీపావళికి సంగతి ఇంకా ఘోరం. దీపాలు, లక్ష్మీదేవి, బంగారు అక్షరాలు కలిపి ఎంత బరువైన బొమ్మ పంపేవారంటే, ఒక ప్లాంటు పర్చేజ్ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. మీ శుభాకాంక్షలతో మా మెయిల్ బాక్సు నిండిపోయింది, మా హెడ్డాఫీసు నుంచి రావలసినవి రావడం లేదు, దయచేసి మాకు ఇక శుభం కోరకండి అన్నాడతను. సేఠ్‌గారితో ఆ మాట చెబితే, "చూసినవా, మనల్ని గుర్తువెట్టుకున్నడు" అని సంతోషించారు.

నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను? రోజుకి ఎన్ని మెయిళ్లు పంపానో కాగితం మీద గీతలు పెట్టుకుని, సాయంత్రానికి ఎంతో కష్టపడినట్టు మెడ నొక్కుకుంటూ ఇంటికి పోయేదాన్ని. ఇప్పటి పిల్లలకి ఆ గీతలు కంప్యూటరే పెడుతుంది. మెడ నొప్పి ఒక్కటే తగ్గింది.

షెడ్డు మీదికి వచ్చింది

ఇంత చెత్త రాసినా మా షెడ్డు నడిచిందంటే దానికి కారణం ఒక్కటే. ఒక పెద్ద సిమెంటు ప్లాంటు మొదటినుంచీ మా దగ్గరే సంచులు కుట్టించుకునేది. వాళ్లకు మెయిలుతో పనిలేదు. ఒకరోజు వాళ్ల హెడ్డాఫీసు, ఇకమీద అన్ని ప్లాంట్లకూ సంచులు ఒకే పెద్ద కంపెనీ నుంచి కొంటామని నిర్ణయించింది. మాకు రెండు వాక్యాల కబురొచ్చింది. అందులో తాతగారి ఫొటో లేదు, అయినా బాగా అర్థమైంది.

సేఠ్‌గారు షెడ్డుకి వచ్చి అందరి ముందూ చెప్పేశారు. "ఎండకాలం పోయేలోపట ఒక కొత్త పార్టీ దొరకాలె. లేకుంటె షెడ్డు గోదాముకు ఇచ్చేస్త. నాకు వేరే రాస్త లేదు."

ఎండాకాలమే ఎందుకంటే, ఈ ప్లాంట్లు ఏటా వానల్లో కొన్నాళ్లు ఆపి రిపేర్లు చేసుకుంటాయి. సంచులు మార్చేది అప్పుడే. ఎవరి దగ్గర కొనాలో తేల్చుకునేది దానికి ముందు ఎండల్లో. ఆ అదను దాటితే మళ్లీ ఏడాది దాకా ఎవరూ మొహం చూడరు.

షెడ్డులో పన్నెండుమంది ఆడవాళ్లు. కత్తెర పట్టేది పోసక్క. కోర్పనా వైపు పల్లె ఆమెది, భర్త సున్నపురాయి గనిలో పనిచేసి దగ్గుతో మంచం పట్టాడు. చదువు లేదు గానీ టేపు మీద గీతలన్నీ వచ్చు. సేఠ్‌గారు వెళ్లాక ఆమె నా దగ్గరికొచ్చి, "అక్కా, నాకు యాభై దాటినయి. ఇగ నన్ను పత్తి ఏరనీకి సుత పిలువరు. ఏదన్న మంచిగ రాయక్కా, గా పిలాంటోళ్లకు" అంది.

నా రాతకి ఒకరి బతుకు వేలాడుతోందని నాకు ఆరోజే తెలిసింది. భయం వేసింది. ఆ భయంలో నేను చేసిన పని చెప్తాను.

కొసరు

బట్టల దుకాణాల్లో ఒక పద్ధతుంది, మీకూ తెలుసు. గజంతో కొలిచాక, కత్తెర పెట్టబోయే ముందు, ఇంకో నాలుగు వేళ్లు ముందుకు జరిపి కోస్తారు. అది కొసరు. మల్లేశం సేఠ్ కొసరు వేయకుండా జాకెట్టు గుడ్డ కూడా కోయరు. కొన్నవాళ్లు ఆ నాలుగు వేళ్లు చూసుకునే మళ్లీ వస్తారని ఆయన నమ్మకం. దుకాణంలో అది నిజమే.

నేను ఆ కొసరును మెయిలులోకి తెచ్చాను. సేఠ్ చెబితే రాయలేదు, నాకే తట్టింది. తాతగారిని తీసేసి, వినాయకుణ్ణి తీసేసి, తొలిసారి పొట్టిగా రాశాను. "మీరిచ్చిన కొలత మీద ప్రతి సంచికీ నాలుగు వేళ్ల బట్ట ఎక్కువ ఇస్తాం, ఉచితంగా. ఇలా ఇచ్చేవాళ్లు ఇంకెవరూ లేరు." ఎవరూ లేరన్నది అక్షరాలా నిజం. ఎందుకు లేరో నేను అడగలేదు.

సేఠ్‌గారికి కళ్లు చెమర్చాయి. "గిది మన ఖాందాన్ మాట" అన్నారు.

ఘుగ్గుస్ దగ్గర ఒక స్పాంజ్ ఐరన్ ప్లాంటు నుంచి రెండోరోజే జవాబొచ్చింది. ఉచితం అన్న మాట పర్చేజ్ వాళ్లకి నచ్చింది. మెయింటెనెన్స్ ఇంజనీరు భోయర్ సాహెబ్‌కి అంతగా నచ్చలేదు. ఆయన ఫోన్ చేశారు. ఆయన మాట్లాడేది మరాఠీ, నేను తెలుగులో రాస్తున్నాను. తాయీ అంటే అక్కా అని.

"తాయీ, పొడవు ఎక్కువైతే ఇబ్బంది ఏమీ ఉండదు కదా? మీకు అనుభవం ఉంది కాబట్టి అడుగుతున్నాను. నాకు మెయిలులో రాసివ్వండి."

నేను రాసిచ్చాను. పది నిమిషాలు కూడా పట్టలేదు. "ఎటువంటి ఇబ్బందీ ఉండదు. మా దీర్ఘకాల అనుభవం ప్రకారం దీనివల్ల సంచి మన్నిక పెరుగుతుంది."

ఆ రోజుకి నేను కేజ్ మీద తొడిగిన సంచిని ఒక్కసారి కూడా చూడలేదు. దీర్ఘకాల అనుభవం అంటే టైపు కొట్టిన అనుభవం.

తెలిసిన మనిషి పక్క షెడ్డులోనే ఉంది. కొలతలిచ్చినప్పుడు పోసక్క కత్తెర దించి అడిగింది. "నాప్ కన్న నాలుగు వేళ్లు ఎక్కువెందుకక్కా? రైక ఎక్కువైతె లోపటికి మడిచి కుట్టుకుంటరు. గీడ లోపట ఇనుపది ఉంటదంటివి. మిగిలిన బట్ట యాడ పోతది?"

"గది ఇంజనీర్లు చూసుకుంటరు పోసక్కా. నువ్వు కొయ్యి."

ఆమె కోసింది. నా ఉద్యోగంలో నేను చేసిన తప్పులన్నిట్లో ఈ మాటకే నాకు ఎక్కువ సిగ్గు. ఆ కొసరు మెయిలు పంపే ముందు దాన్ని పదిసార్లు ఇంగ్లీషు కోసం దిద్దాను. ఆ నాలుగు వేళ్లు ఎక్కడికి పోతాయో అడిగిన మనిషికి మాత్రం జవాబు వెతకలేదు.

పైకెక్కి చూస్తే

వానలు తగ్గుముఖం పట్టాయి, ప్లాంటు మళ్లీ మొదలైంది. నెల దాటిందో లేదో భోయర్ సాహెబ్ ఫోన్. "తాయీ, పొగగొట్టం చూడటానికి రండి. ఇక్కడికి రావక్కర్లేదు, బస్టాండులో దిగినా కనిపిస్తుంది."

నిజంగానే కనిపించింది. ఘుగ్గుస్‌లో దుమ్ము కొత్త కాదు. లారీల దుమ్ము, బొగ్గు దుమ్ము అలవాటే. కానీ ఇది గోధుమ రంగు మబ్బులాగా కాలనీ మీద వాలుతోంది. ఆరేసిన బట్టలు తీసుకుంటూ ఆడవాళ్లు ఎవర్నో తిడుతున్నారు. ఆ తిట్లు చెందాల్సింది నాకని వాళ్లకి తెలియదు.

ఇనుప మెట్లెక్కి పైకి వెళ్లాను. ఇద్దరు మనుషులు ఒక సంచిని పైకి లాగారు. పైనంతా బాగానే ఉంది. అడుగున, కేజ్ అయిపోయిన చోట, మిగిలిన నాలుగు వేళ్ల బట్ట జారిపోయిన మేజోడు కొసలాగా వేలాడుతోంది. లోపల గాలి కొట్టిన ప్రతిసారీ అది ఎగిరి, పంజరం అడుగు అంచుకి రాసుకుని, అక్కడే తెగింది. రెండోది లాగారు. అక్కడే తెగింది. మూడోదీ అంతే. నాలుగోది వద్దని నేనే అన్నాను.

భోయర్ సాహెబ్ అరవలేదు. అరిచినా బాగుండేది. జేబులోంచి ఫోను తీసి నా మెయిలు చూపించారు. "దీన్ని చూసే నేను సంతకం పెట్టాను. పైవాళ్లు ఇప్పుడు నా సంతకం చూపిస్తున్నారు. నన్ను వేరే ప్లాంటుకి పంపేస్తామంటున్నారు. పిల్లకి ఈ ఏడు పదో తరగతి."

నేనేదో సర్దిచెప్పబోయాను. ఆయన వినకుండా మెయిల్ బాక్సు కిందికి జరిపి చూపించారు. ఒకటి తర్వాత ఒకటి, అన్నీ మాలాంటి వాళ్లవే. మేము అగ్రగామి. మేము నంబర్ వన్. మీరు కుశలమని తలుస్తాను. "ఇవన్నీ నేను చదవను తాయీ. చేతి తొడుగు ఒకటి తీసి, నిలబడే ఫోనులోంచి తుడిచేస్తాను. మీది ఎందుకు తుడవలేదో తెలుసా? పొట్టిగా ఉంది. మనిషి రాసినట్టుంది. అందుకే నమ్మాను."

చంద్రపూర్‌కి తిరిగొచ్చేసరికి సేఠ్‌గారు జవాబు సిద్ధం చేసి పెట్టారు. పచార్లు మొదలయ్యాయి. "రాయి. గాళ్ల గాలి ప్రెషర్ ఎక్కువైంది. గాళ్ల కేజులు ఖరాబున్నయి. గాళ్ల మనుషులకు తొడుగనీకి రాదు. మా మాల్ అవ్వల్ నంబర్."

ఇది ఆయన కనిపెట్టింది కాదు. మా వ్యాపారంలో అందరూ ఇదే రాస్తారు. తప్పు మనదైతే దుమ్ము మీద తోసెయ్. దుమ్ము కుదరకపోతే కూలీ మీద తోసెయ్. ఇందుకోసం చక్కటి ఇంగ్లీషు వాక్యాలు కంపెనీ కంపెనీకీ దాచిపెట్టుకుని ఉంటాయి. నేను మొత్తం టైపు చేశాను. ఇది వెళితే భోయర్ సాహెబ్ సంతకం ఆయన మెడకే చుట్టుకుంటుందని తెలిసే చేశాను. తర్వాత దాన్ని పంపకుండానే షెడ్డుకి పోయాను.

పోసక్కకి ప్లాంటు నుంచి తెచ్చిన చిరిగిన సంచి అడుగు చూపించాను. ఆమె దాన్ని వేళ్లతో తడిమి, "గీ బట్టనే కదక్కా, నేను యాడ పోతదంటిని" అంది. అంతే. దెప్పలేదు. మళ్లీ అంది, "మంచిగ కోస్త. నాప్ ఇయ్యమను. షెడ్డు మూస్తె మూయనీ గని, నా కత్తెరకు మాట రావద్దు."

నాలుగు ముక్కలు

సేఠ్‌గారు చెప్పిన మెయిలు పంపలేదు. ఆయనకి చూపించకుండా నేను పంపిన మొదటి మెయిలు ఇది:

"భోయర్ సాహెబ్, సంచులు చిరగడానికి కారణం మా పొరపాటు. మీ కొలత కంటే నాలుగు వేళ్లు ఎక్కువ కుట్టాం, ఏమీ తెలియకుండానే దానివల్ల నష్టం లేదని మీకు రాసిచ్చింది నేను. మీ గాలి, మీ కేజ్‌లు, మీ మనుషుల తప్పు ఏమీ లేదు. మా మనిషి ఎల్లుండి పొద్దున వచ్చి మీ కేజ్‌లు కొలుస్తుంది, మొత్తం మళ్లీ కుట్టి ఇస్తాం."

సేఠ్‌గారు పదిహేను రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడిన మొదటి మాట, "షెడ్డు నువ్వే ముయ్యబెడితివి." కానీ సంచులు మాత్రం మళ్లీ కుట్టించారు. బట్టల బజారులో తిరిగిచ్చిన గుడ్డని మొహాన కొట్టే అలవాటు వాళ్ల ఇంట్లో లేదు. కొలవడానికి పోసక్కే వెళ్లింది. "ఆడమనిషి పైకెక్కుడేంది" అన్నాడట గేటు దగ్గరివాడు. "నువ్వు కొలుస్తవా? టేపు గిదిగో" అందట ఈమె.

భోయర్ సాహెబ్ ఆ మెయిలు ప్రింటు తీసి పైవాళ్ల ముందు పెట్టారు. ఆయన బదిలీ ఆగింది. మాకు ఇంకో ఆర్డరు మాత్రం ఇవ్వలేదు. ఇవ్వకపోవడమే న్యాయం.

దసరా ముందు, కోర్పనా వైపు ఒక సిమెంటు ప్లాంటు నుంచి మాకు మెయిలొచ్చింది. మేం వాళ్లకి రాసి రాసి విసిగి వదిలేసిన ప్లాంటు అది. అందులో ఉన్నది ఇంతే: "మీరు రాసిన మెయిలు భోయర్ చూపించాడు. మా కేజ్‌లు కొలవడానికి మనిషిని ఎప్పుడు పంపుతారు?" షెడ్డు నిలబడింది. ఇప్పటికీ నడుస్తోంది.

ఇందులోంచి నీతి పిండుకుని గోడకి అంటించుకునేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. ఆ కోర్పనా ఇంజనీరు నా మంచితనం చూసి మురిసిపోలేదు. రేపు సంచి చిరిగితే తన మీదికి తోయకుండా, తప్పు ఒప్పుకుని కాగితం రాసిచ్చేవాళ్లు దొరికారని లెక్కవేసుకున్నాడు. ఏ ప్లాంటులోనైనా సంతకం పెట్టే మనిషికి ఉండే భయం అదే. మీ మెయిలు ఆ భయం తీర్చకపోతే మిగతాదంతా బోర్డుకి రంగు వేసుకోవడమే.

రాయబోయేవాళ్లకి

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు నన్ను చిట్కాలు అడుగుతారు. సబ్జెక్టులో ఏం రాస్తే తెరుస్తారు, ఏ వారం పంపాలి, మంట బొమ్మ పెట్టాలా రాకెట్ బొమ్మ పెట్టాలా. ప్లాంటులో మంటని చూస్తే సైరన్ కొడతారమ్మా, మెయిలు తెరవరు.

నాకు తెలిసింది కొంచెమే. రాసే ముందు ఆ ప్లాంటు గేటు ఎదురుగా చాయ్ తాగండి. పొగగొట్టం ఎలా ఉందో చూడండి. షిఫ్టు దిగినవాళ్లు దేన్ని తిట్టుకుంటున్నారో వినండి. ఆ తిట్టే మీ మొదటి వాక్యం. చదివే మనిషి మెట్ల మీద నిలబడి, ఒక చేత్తో ఫోను పట్టుకుని చదువుతాడు. అతని కళ్లకి ఆనేది రెండు వరుసలు. అందులో మీ తాతగారు ఉంటే మీ పని అయిపోయినట్టే. ఒక్కటే అడగండి, అవునో కాదో అని జవాబు చెప్పగలిగేది. రిపేర్ల సమయంలో పంపకండి, అప్పుడతను దుమ్ములో మునిగి ఉంటాడు. మీరు కొలవనిది, ఎక్కి చూడనిది రాయకండి. పంపే ముందు ఆ వస్తువు చేసే మనిషికి చదివి వినిపించండి. ఇంగ్లీషు రానివాళ్లయితే ఇంకా మంచిది, మీరు మామూలు మాటల్లో చెప్పాల్సి వస్తుంది. చెప్పలేకపోయారంటే అందులో విషయం లేదన్నమాట.

ఇంత చెప్పాక కూడా ఇదంతా నేర్పగలిగే విద్య అని నాకు నమ్మకం లేదు. ఎందుకో మొన్న ఎండల్లో తెలిసింది.

హుక్

భోయర్ సాహెబ్ ఇప్పుడు ఒక సిమెంటు ప్లాంటులో మెయింటెనెన్స్ అంతటికీ పెద్ద. అక్కడికి వెళ్లాక మా షెడ్డు సంచులే వాడుతున్నారు. ఇంత కాలం పట్టింది ఆయన మళ్లీ నమ్మడానికి. మొన్న ఎండలు మండుతున్న రోజున నాకు ఫోన్ చేశారు.

"తాయీ, ఈసారి ఎన్ని వేళ్లు ఎక్కువైంది?"

నాకు అర్థం కాలేదు. ఆయన నా ఫోనుకి ఒక మెయిలు పంపారు. మా కంపెనీదే. సబ్జెక్టు: "మా పొరపాటు." కింద: "మీ సంచుల విషయంలో మావల్ల తప్పు జరిగింది. మమ్మల్ని క్షమించండి." ఫోను తెర మీద కనిపించే రెండు వరుసలూ అవే. వేలితో ఇంకా కిందికి జరిపితే అసలు సంగతి: "మా కొత్త తగ్గింపు ధరల గురించి మీకు ఇంతవరకూ చెప్పకపోవడమే ఆ తప్పు!" పక్కన నవ్వు మొహం.

"నేను కింద దాకా చదవలేదు తాయీ. మీ కంపెనీ పొరపాటు అని రాసిందంటే నిజమే అయి ఉంటుందనుకున్నాను. పొగ లాగే ఫ్యాను ఆపించి ఇద్దర్ని పైకెక్కించాను. ఈ ఎండలో, ఆ ఇనుప గదిలో, ఒక పూటంతా సంచులు లాగి చూశారు. ఒకతను వాంతి చేసుకున్నాడు. రేపు మీరు నిజంగా తప్పు చేసి రాస్తే, నేను నమ్మాలా వద్దా?"

ఆటో ఎక్కి షెడ్డుకి పోయాను. ఆఫీసు ఇప్పుడు సేఠ్‌గారి కొడుకు చూస్తున్నాడు. గోడ మీద నా నాలుగు ముక్కల మెయిలు ఫ్రేము కట్టించి పెట్టాడు. దానికి దండ వేయలేదు, అదొక్కటి నయం. దాని కింద కూర్చుని మెయిళ్లు పంపే అమ్మాయి శ్వేత. వరోరా నుంచి రోజూ రైల్లో వస్తుంది, నాగ్‌పూర్‌లో ఎంబీఏ చదివింది.

"శ్వేతా, ఏ సంచి తప్పువోయింది?"

"ఏది తప్పువోలే ఆంటీ, అది హుక్, గాలం లెక్క. మీ మెయిలే సాంపుల్ తీస్కున్న. పొరపాటు అంటె అందరు ఓపెన్ చేస్తుండ్రు. ఏకదమ్ భారీ రిజల్ట్!" ఆ పిల్ల నిజంగా నేను సంతోషిస్తాననుకుంది.

"ఎంతమందికి పంపినవ్?"

"లిస్టుల ఉన్నోళ్లకు అందరికి. మనతోని ఎప్పుడు కొననోళ్లకు సుత."

తిట్టడానికి నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడు లోపలినుంచి ధబ్బుమని సంచుల బేళ్లు పడేసిన చప్పుడు వినిపించింది. ఇద్దరం వెళ్లి చూశాం.

పోసక్కకి ఇప్పుడు అరవై దాటాయి. కత్తెర ఇంకా ఆమెదే. ప్యాక్ చేసి లారీకి సిద్ధంగా ఉన్న సంచులన్నీ కట్లు విప్పి నేల మీద పరిచింది. ఒక్కోదాన్నీ మోకాళ్ల మీద పాకుతూ కొలుస్తోంది. తక్కినవాళ్లు మిషన్లు ఆపేసి చూస్తున్నారు. మన సంచులు తప్పయ్యాయని అన్ని ప్లాంట్లకూ రాశారట అని డ్రైవరు ఎవరో చెప్పాడట. పొద్దున్నుంచీ ఆమె అన్నం ముట్టలేదు.

నన్ను చూసి లేచింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "అక్కా, నువ్వన్న చెప్పు. అన్ని కొలిచిన, నాప్‌కు నాప్ ఉన్నయి. ఏ పిలాంటుది తప్పువోయింది? ఎన్ని వేళ్లు? నా కండ్లు సరిగ్గ ఆనుతలేవా?"

నేను శ్వేత వైపు తిరిగాను. "రాసింది నువ్వే గదా. చెప్పు ఆమెకు."

శ్వేత ఇంగ్లీషులో మొదలుపెట్టి, మరాఠీలోకి మారి, తెలుగు దాకా వచ్చి ఆగిపోయింది. పోసక్క చేతిలో టేపు చాపి పట్టుకుని, ఆ పిల్ల ఏ సంచి అంటుందా అని అలాగే నిలబడి ఉంది.